మార్కెటింగ్ ఆచార్యులకు ఒక మెడికల్ షాపు నుంచి బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల యూనివర్సిటీల్లో, మేనేజ్‌మెంట్ కాలేజీల్లో మార్కెటింగ్ పాఠాలు చెబుతున్న ఆచార్యులందరికీ నమస్కారం.

నేను మీలో ఒకరి దగ్గర చదువుకున్నవాణ్ణే. బీఫార్మసీ అయ్యాక మార్కెటింగ్‌లో ఎంబీఏ చేశాను. తొమ్మిదేళ్లు ఒక పానీయాల కంపెనీ సేల్స్‌లో ఊళ్లు తిరిగాను. నాన్నకి ఒంట్లో బాగోకపోతే ఉద్యోగం మానేసి వచ్చి, తణుకు దగ్గర ఒక మండల కేంద్రంలో మా మెడికల్ షాపు చూసుకుంటున్నాను. ఈ ఉత్తరం రాయాలనిపించింది ఒక జ్యూస్ డబ్బా వల్ల.

మూడేళ్ల కిందట, మే నెల. మిట్టమధ్యాహ్నం మనవణ్ణి చంకనేసుకుని ఒక పెద్దావిడ వచ్చింది. పిల్లాడికి ఏడాదిన్నర ఉంటుంది. రాత్రి నుంచి నీళ్ల విరేచనాలట. కళ్లు పీక్కుపోయాయి, తల నాయనమ్మ భుజం మీద వాల్చేశాడు. "ఓఆర్‌ఎస్ ఇవ్వు బాబూ" అంది. నేను పొడి ప్యాకెట్ తీశాను. "అది కాదయ్యా, డబ్బాలో వస్తుంది చూడు, యాపిల్ బొమ్మది. పొడి కలిపితే వీడు ఉమ్మేస్తాడు" అంది. ఫ్రిజ్‌లోంచి తీసి ఇచ్చాను. అక్కడే స్ట్రా గుచ్చి నోటికి పెట్టింది. పిల్లాడు గబగబా తాగాడు. వాడు తాగుతుంటే ఆవిడ మొహం తేటపడింది. ఇంకో రెండు కొనుక్కుని వెళ్లింది.

మర్నాడు సాయంత్రం ఆవిడ కొడుకు వచ్చాడు. విరేచనాలు ఇంకా ఎక్కువై పిల్లాణ్ణి తణుకులో అడ్మిట్ చేశారట. వాడు గట్టెక్కాడు, ఇప్పుడు అంగన్‌వాడీకి వెళ్తున్నాడు. కానీ నేను అమ్మిన ఆ డబ్బా వెనక సన్న అక్షరాలతో ఇంగ్లిష్‌లో ఒక వాక్యం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ ఫార్ములా ఇది కాదు అని. ఆవిడకి ఇంగ్లిష్ రాదు. నాకు వచ్చు. నేను చదివాను, చదివి కూడా ఇచ్చాను. అడిగింది ఇవ్వడమే వ్యాపారం అని తొమ్మిదేళ్లు అలవాటైన చెయ్యి అది.

అసలు ఓఆర్‌ఎస్ అంటే ఏమిటో మీలో ఫార్మసీ వైపు నుంచి రానివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. విరేచనాలతో ఒంట్లోంచి పోయిన నీటినీ లవణాలనీ తిరిగి అందించే పొడి అది. లీటరు నీళ్లకి 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సోడియం సిట్రేట్. అంతా కలిపి 20.5 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి చెబుతున్న కొలత ఇది. పేగులో గ్లూకోజూ సోడియమూ ఒకదాన్నొకటి పట్టుకుని లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీరు వెళ్తుంది. అందుకే ఈ పాళ్లు ముఖ్యం. చక్కెర మరీ ఎక్కువైతే కథ తిరగబడుతుంది. ఒంట్లో నీరే పేగులోకి వచ్చి విరేచనం ఇంకా పెరుగుతుంది. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకున్న కొన్ని డబ్బాల్లో లీటరుకి లెక్కగడితే 120 గ్రాముల దాకా చక్కెర ఉందని హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. ఉండాల్సినదానికి దాదాపు తొమ్మిది రెట్లు.

ఆవిడ ఎనిమిదేళ్లు పోరాడారు. ఉత్తరాలు రాశారు, వీడియోలు పెట్టారు, తెలంగాణ హైకోర్టులో పిల్ వేశారు. 2022 ఏప్రిల్‌లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దంది. అదే ఏడాది జులైలో మళ్లీ సరేనంది, కాకపోతే 'ఇది ఓఆర్‌ఎస్ ఫార్ములా కాదు' అన్న వాక్యం రాయాలంది. నా షాపులో ఆ పెద్దావిడ కొన్న డబ్బా మీద ఉన్న వాక్యం ఆ జులై నిర్ణయం ఫలితమే. చివరికి 2025 అక్టోబరు 14న ఆ అనుమతిని పూర్తిగా తీసేశారు. ఫార్ములా సరిగ్గా లేని ఏ పానీయం పేరులోనూ ఓఆర్‌ఎస్ అన్న మూడక్షరాలు ముందూ వెనకా ఎక్కడా ఉండకూడదన్నారు. ఆ వార్త వచ్చిన రోజు కెమెరా ముందు డాక్టరుగారు కన్నీళ్లు పెట్టుకున్నారు. మా షాపులో టీవీలేదు, ఫోన్‌లో చూశాను. నా కళ్లూ చెమర్చాయి.

ఇప్పుడు మీతో మాట్లాడాల్సిన విషయానికి వస్తాను.

2022 జులై నుంచి 2025 అక్టోబరు దాకా, మూడేళ్లకి పైగా, ఆ డబ్బాలు అమ్మకంలో ఉన్నది ఒక్క నమ్మకం మీద. వెనకాల ఒక వాక్యం రాస్తే కొనేవాళ్లకి అర్థమవుతుంది అన్న నమ్మకం. చక్కెర ఎంతుందో చెప్పడం డాక్టర్ల పని, వాళ్లు చెప్పారు. కానీ తల్లి ఆ వాక్యం చదువుతుందా, చదివితే నమ్ముతుందా, ముందువైపు పెద్దగా ఉన్న పేరునీ వెనకవైపు సన్నగా ఉన్న వాక్యాన్నీ పక్కపక్కన పెట్టినప్పుడు ఏది గెలుస్తుంది? ఇవి డాక్టర్లు తేల్చే సంగతులు కావు సార్. ఇవి మీవి. కన్స్యూమర్ బిహేవియర్ అని మీరు మాకు ఒక సెమిస్టరంతా చెప్పిన పాఠం ఇదే. యాభై షాపుల్లో రెండు వారాలు నిలబడి చూస్తే తేలిపోయే విషయం. దానికి మూడేళ్లు పట్టింది, తేల్చింది ఒక డాక్టరు మొండితనం. ఆ మూడేళ్లలో మన శాఖ గొంతు నాకు వినపడలేదు.

పోనీ అప్పటికి ఎవరికీ తెలియని సంగతా అంటే, అదీ కాదు. అమెరికాలో లిస్టరిన్ మౌత్‌వాష్ కథ మీకు తెలిసే ఉంటుంది. జలుబునీ గొంతునొప్పినీ ఆపుతుందని ఆ కంపెనీ 1921 నుంచీ ప్రకటనలు ఇచ్చుకుంది. అది నిజం కాదని తేల్చి, అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1975లో ఒక ఆర్డరు వేసింది. కోటి డాలర్లకు పైగా ఖర్చుపెట్టి, మా లిస్టరిన్ జలుబుని ఆపదు అని వాళ్ల ప్రకటనల్లో వాళ్లే చెప్పుకోవాలని. చెప్పారు కూడా. టీవీల్లో చెప్పారు. ఆ తర్వాత మార్కెటింగ్ పరిశోధకులు జనాన్ని అడిగి చూస్తే పాత నమ్మకం కొంత తగ్గిందిగానీ పోలేదు. అంత ఖర్చుపెట్టి చెప్పినా చాలామంది జలుబు కోసమే కొనుక్కున్నారు. ఒకసారి బుర్రలో నాటుకున్న పేరుని ఒక వాక్యం పీకలేదని నలభై ఏళ్ల కిందటే తెలుసన్నమాట. ఆ కమిషన్‌లో 1970ల్లో మార్కెటింగ్ ప్రొఫెసర్లు కూర్చుని పనిచేశారు. 1982లో మార్కెటింగ్, ప్రభుత్వ విధానం కలిసే చోట జరిగే పరిశోధనల కోసమే ఒక పత్రిక మొదలైంది. ఇంత సరుకు అల్మరాలో పెట్టుకుని, మన ఊళ్లో డబ్బా మీద సన్న అక్షరాల వాక్యం చాలులే అనుకుంటుంటే ఎవరూ లేచి 'చాలదండీ' అనలేదన్నదే నా బాధ.

నిందించడానికి రాయట్లేదు. ఈ పరిశోధన ఎంత పనికొస్తుందో నా సొంత కౌంటర్ మీద నాకు తెలిసొచ్చింది, అది మీకు చెప్పాలని రాస్తున్నాను.

2024లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. చేసినవాళ్లలో మన బెంగళూరు ఐఐఎం ప్రొఫెసర్ కూడా ఉన్నారు. ఓఆర్‌ఎస్ చవక, ప్రాణం నిలబెడుతుంది, అందరికీ తెలుసు. అయినా పిల్లలకి విరేచనాలంటే డాక్టర్లు, ఆర్‌ఎంపీలు, మెడికల్ షాపువాళ్లు ఎందుకు ఇవ్వరు? ఇదీ వాళ్లు పట్టుకున్న ప్రశ్న. కర్ణాటక, బిహార్‌లలో 253 పట్టణాల్లో రెండువేలమందికి పైగా ప్రైవేటువాళ్ల దగ్గరికి మామూలు జనంలాగా మనుషుల్ని పంపారు. వాళ్లు వెళ్లి 'మా బాబుకి రెండేళ్లు, లూజ్ మోషన్స్ అవుతున్నాయి' అని చెప్పడం. కొందరు ఏమీ అడగరు. కొందరు ఫోన్‌లో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఫోటో చూపించి ఇది ఇవ్వొచ్చా అంటారు. కొందరు యాంటీబయాటిక్ ఫోటో చూపిస్తారు. ఇంకొందరు మందు మీ దగ్గర కొనం, సలహా చెప్పండి చాలు అంటారు, లాభం కోసమే వేరే మందు అంటగడుతున్నారా అన్నది తేలడానికి. కొన్ని చోట్ల షాపులకి ఓఆర్‌ఎస్ స్టాకు ఉచితంగా పంపి చూశారు, స్టాకు లేకనే ఇవ్వట్లేదేమో అని.

నేనైతే ముందే జవాబు చెప్పేసేవాణ్ణి. మార్జిన్ సార్. ప్యాకెట్ మీద మిగిలేది రూపాయో రెండో, యాంటీబయాటిక్ సిరప్ మీద మిగిలేది వేరు. మీరూ అదే అనుకుని ఉంటారు.

లెక్క తేలాక చూస్తే డబ్బు ఆశ వల్ల ఇవ్వనిది 5 శాతమే. స్టాకు లేక ఇవ్వనిది 6 శాతం. వచ్చినవాళ్లకి ఓఆర్‌ఎస్ ఇష్టం ఉండదులే అని అమ్మేవాడు తనంతట తాను అనుకోవడం వల్ల ఇవ్వనిది 42 శాతం! ఫోటో చూపించి అడిగినవాళ్లకి ఓఆర్‌ఎస్ ఇవ్వడం 27 శాతం పాయింట్లు పెరిగింది.

ఆ అంకె చదివిన రాత్రి షాపు మూసి ఇంటికి వచ్చాక చాలాసేపు నిద్రపట్టలేదు. ఎందుకంటే అందులో ఉన్నది నేనే. పిల్లాడికి మోషన్స్ అని ఎవరైనా రాగానే నా మనసులో ఒక మాట మెదులుతుంది, 'వీళ్లు పొడి ప్యాకెట్ కోసం ఇంత దూరం రాలేదు, అదిస్తే మందేమీ ఇవ్వలేదనుకుంటారు' అని. పక్క వీధి ఆర్‌ఎంపీ గారిది ఇదే పరిస్థితి. జనం సెలైన్ ఎక్కించమంటారు, ఎక్కించకపోతే వైద్యమే తెలియదంటారు అని ఆయన భయం. మేమిద్దరం ఒక్కసారి కూడా ఎవర్నీ అడగలేదు, 'ఇది సరిపోతుంది, ఇవ్వనా' అని. మనమే ఊహించుకుని, మనమే వాళ్ల తరఫున వద్దని చెప్పేసి, సిరప్ కట్టి ఇచ్చేస్తున్నాం.

ఆ మర్నాటి నుంచి ఒక చిన్న మార్పు చేశాను. పొడి ప్యాకెట్లు వెనక అరలోంచి తీసి కౌంటర్ మీద, డబ్బు లెక్కపెట్టే చోట, గాజు సీసాలో నిలబెట్టాను. 'విరేచనాలకి ముందు ఇది' అని అట్టముక్క మీద తెలుగులో రాసి అతికించాను. సేల్స్‌లో ఉన్నప్పుడు నేర్చుకున్న విద్యే, కంటికి ఎదురుగా ఉన్నదే చేతికి వస్తుందని. ఇంతకుముందు చూసీ చూడనట్టు పోయేవాళ్లు ఇప్పుడు చెయ్యి పెట్టి తీస్తున్నారు, 'ఇదెలా కలపాలి' అని అడుగుతున్నారు. పది మందిలో ఏడుగురు అడిగేది ఆ ఒక్క ప్రశ్నే.

కలపడం దగ్గర ఇంకో చిక్కుంది, అదీ మీ పనే. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకి. ఇంట్లో ఎవరూ లీటరు కలపరు, గ్లాసులో సగం ప్యాకెట్ వేస్తారు. అప్పుడు ఉప్పు మోతాదు మించిపోతుంది, పసివాడికి అది ప్రమాదం. 200 మిల్లీలీటర్లకి సరిపోయే చిన్న ప్యాకెట్లూ వస్తాయి. రెండూ పక్కపక్కన పెడితే జనం ఏది ఎలా కలుపుతున్నారో, లీటరు వాటర్ బాటిల్ బొమ్మ ప్యాకెట్ మీద ముద్రిస్తే తప్పులు తగ్గుతాయో లేదో ఎవరైనా చూడాలి కదా. నా దగ్గరికి వచ్చే ప్యాకెట్ల మీద తెలుగు అక్షరం ఒక్కటి ఉండదు. ఎలా వాడాలన్నది అంతా ఇంగ్లిష్‌లో, హిందీలో. సబ్బు మీద, షాంపూ సాచెట్ మీద తెలుగు వేయడం కంపెనీలకి తెలుసు. ప్రాణం నిలబెట్టే పొడి మీద ఎందుకు ఉండదు?

పొరుగున బంగ్లాదేశ్‌లో 1980 నుంచి పదేళ్లు జరిగిన పని తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. అక్కడ ప్యాకెట్లు ఊరూరా అందించే స్తోమత లేదు. బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ ఆడవాళ్లకి శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపింది. మూడువేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు. ఇంట్లో ఉన్నవే. కూర్చోబెట్టి, తల్లి చేతే కలిపించి నేర్పేవాళ్లు. ఇక్కడ ఒక కిటుకు చూడండి. నేర్పినవాళ్ల జీతం ఎన్ని ఇళ్లు తిరిగారన్న లెక్కమీద కాదు. కొన్నాళ్లయ్యాక ఇంకొకరు వచ్చి, కొన్ని ఇళ్లు ఎంచి, తల్లికి ఎంత గుర్తుందో, సరిగ్గా కలుపుతోందో లేదో చూసేవారు. ఎంత గుర్తుంటే అంత జీతం. మన సేల్స్ ఇన్సెంటివ్ పద్ధతినే తీసుకెళ్లి తల్లి జ్ఞాపకానికి ముడిపెట్టారు.

అయినా మొదట్లో తల్లులకి అంతా గుర్తుంది, కలపడం వచ్చు, కానీ పిల్లలకి జబ్బు చేసినప్పుడు వాడేవాళ్లు చాలా తక్కువ. అక్కడ ఆగిపోకుండా ఎందుకని వెనక్కి వెళ్లి తవ్వారు. నేర్పేవాళ్లలోనే కొందరికి దాని మీద నమ్మకం లేదని తెలిసింది. ఇంట్లో మగవాళ్లకి ఎవరూ చెప్పలేదనీ తెలిసింది. ముందు కార్యకర్తలకి అర్థమయ్యేలా మళ్లీ చెప్పారు, బజార్లలో, మసీదుల దగ్గర మగవాళ్లతో మాట్లాడారు. అలా కోటి ఇళ్లు దాటి చేరారు. తెలియడం వేరు, నమ్మడం వేరు, వాడటం వేరు అని మీరు బోర్డు మీద బాణం గుర్తులు వేసి చెప్పేది ఇదే కదా సార్. నేను ఆ బాణాలు పరీక్ష కోసం బట్టీపట్టాను. అక్కడ వాటి మీద పిల్లల ప్రాణాలు నిలబెట్టారు.

ఇదంతా విదేశీ విద్య అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 1964లో కలకత్తా ఐఐఎంలో కూర్చున్న కొందరు ఒక ప్రతిపాదన రాశారు. కుటుంబ నియంత్రణకి కండోమ్‌లని టీ పొడి, సబ్బులు, సిగరెట్లు అమ్మే కంపెనీల పంపిణీ దారిలోనే ఊరూరా చేర్చవచ్చని. 1968లో అది 'నిరోధ్' పేరుతో, మూడు కలిపి 15 పైసలకి కిరాణా కొట్లలోకి వచ్చింది. అమెరికా మార్కెటింగ్ ప్రొఫెసర్ కోట్లర్ సోషల్ మార్కెటింగ్ (జనానికి మేలు చేసేదాన్ని సరుకులాగే జనంలోకి తీసుకెళ్లడం) అన్న మాటతో వ్యాసం రాసింది 1971లో. మాకు మాత్రం పుస్తకంలో కోట్లర్‌నే చెప్పారు, కలకత్తా ఊసు ఎవరూ ఎత్తలేదు. ఓఆర్‌ఎస్ కథా అంతే. 1971లో బంగ్లా యుద్ధం నాటి శరణార్థుల శిబిరంలో, పశ్చిమ బెంగాల్ బొంగావ్‌లో, సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పోయించి బంధువుల చేతనే తాగించారు. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకి పడిపోయాయి. ఆయన పోయాక 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. మందు మన నేల మీద రుజువైంది, దాన్ని జనంలోకి తీసుకెళ్లే విద్యా మన నేల మీద మొదలైంది. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత చూస్తే విరేచనాలు పట్టుకున్న పిల్లల్లో ఓఆర్‌ఎస్ అందింది 60 శాతానికి కాస్త పైన, దాంతో పాటు ఇవ్వాల్సిన జింక్ మందు అందింది 30 శాతానికి. ప్రపంచం మొత్తం మీద ఐదేళ్లలోపు పిల్లలు ఏటా నాలుగు లక్షల మందికి పైగా ఇప్పటికీ విరేచనాలతోనే చనిపోతున్నారు. మందు ఎప్పుడో దొరికిన జబ్బుకి!

ఓఆర్‌ఎస్ ఒక్కటే అయితే ఇంత పొడుగు ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఇదే తప్పు ఇంకా పెద్దగా జరగబోతోందని నా భయం.

చిప్స్, బిస్కెట్లు, కూల్‌డ్రింకుల ప్యాకెట్ల ముందువైపు ఏ గుర్తు ఉండాలన్నది మన దేశంలో ఏళ్లుగా నానుతోంది. 2022 సెప్టెంబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నక్షత్రాల రేటింగ్ పెడదామని ముసాయిదా తెచ్చింది. దానికి ఆధారం అహ్మదాబాద్ ఐఐఎం చేత చేయించిన సర్వే, 20 వేల మందికి పైగా జనంతో. చూశారా, మార్కెటింగ్ పరిశోధన ఎంత బరువు మోస్తోందో. దేశంలో ప్రతి ప్యాకెట్ ముఖం ఎలా ఉండాలన్నది దాని మీద ఆధారపడింది. చాలామంది డాక్టర్లు, వినియోగదారుల సంఘాలు ఒప్పుకోలేదు. నక్షత్రాల లెక్కలో చక్కెర, ఉప్పు ఎక్కువున్నా కాస్త పీచో, ప్రొటీనో, గింజలో వేస్తే మార్కులు కలుస్తాయి. పైగా నక్షత్రం అంటే మనకి మంచి గుర్తు. ఒక నక్షత్రం ఉన్నా 'ఒకటైనా ఉంది కదా' అనుకుంటాం. 2025లో సుప్రీంకోర్టు కూడా ఇది తేల్చమని గడువు పెట్టింది, ఆ గడువు మళ్లీ పొడిగించింది.

చిలీ దేశం 2016 జూన్‌లో వేరే దారి పట్టింది. చక్కెర, ఉప్పు, కొవ్వు, క్యాలరీలు హద్దు దాటితే ప్యాకెట్ ముందు నల్లటి ఎనిమిది పలకల గుర్తు, 'చక్కెర ఎక్కువ' అని. ఒకటికి మించి దాటితే ఒకటికి మించి గుర్తులు. ఆ సరుకుల మీద పిల్లల్ని లాగే కార్టూన్ బొమ్మలు తీసేయించారు, బళ్లలో అమ్మనివ్వలేదు. ఆ తర్వాత అక్కడి పరిశోధకులు, అమెరికా నార్త్ కరోలినా యూనివర్సిటీవాళ్లు కలిసి రెండువేలకి పైగా కుటుంబాలు నిజంగా ఏం కొన్నాయో నెలనెలా చూశారు. గుర్తు పడాల్సినంత చక్కెర ఉన్న పానీయాల కొనుగోళ్లు దాదాపు 24 శాతం పడిపోయాయి.

ఇక్కడ నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను. ఏ గుర్తు నచ్చింది, ఏ గుర్తు సులువుగా ఉంది అని అడగడం ఒక పరిశోధన. ఆ గుర్తు చూశాక చెయ్యి ఏ ప్యాకెట్ మీదికి వెళ్లింది అని చూడటం ఇంకో పరిశోధన. దేశం నిర్ణయం తీసుకోవాల్సింది రెండోదాని మీద. మా కొట్లో ఎవర్నైనా అడగండి, పిల్లలకి ఆరోగ్యకరమైనదే కొంటామంటారు. అబద్ధం చెప్పట్లేదు, అలాగే అనుకుంటారు. సాయంత్రం బడి వదిలాక పిల్లాడు కొంగు పట్టుకుని లాగుతుంటే ఏం కొంటారో నేను రోజూ చూస్తున్నాను. దేశంలో పది కోట్ల మందికి పైగా షుగర్ ఉందని, ఇంకో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే 2023లో చెప్పింది. మా షాపులో రోజూ ఎక్కువగా కదిలే మాత్ర షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్. అందుకే ఇది నాకు లైబ్రరీ సంగతి కాదు.

మిమ్మల్ని అడిగేది పెద్దదేమీ కాదు. ఎంబీఏ రెండో ఏడాదిలో ప్రతి విద్యార్థీ ఒక ప్రాజెక్టు చేస్తాడు. నాదీ బీరువాలో ఉంది, నల్ల రెక్సిన్ బైండింగు, బంగారు అక్షరాలు. ఒక బైక్ షోరూమ్‌లో కస్టమర్ శాటిస్‌ఫాక్షన్ మీద వంద మంది చేత నింపించిన ప్రశ్నాపత్రం. అది చేసినందుకు నాకు మార్కులు వచ్చాయి, ఆ షోరూమ్‌కి మాత్రం దాని వల్ల ఒరిగింది ఏమీ లేదు. ఏటా రెండు రాష్ట్రాల్లో వేలమంది ఇలాంటివే చేస్తున్నారు. వాళ్లలో పదో వంతు మందిని ఈ పనికి మళ్లించండి. ఒక్కో కాలేజీ చుట్టుపక్కల ఇరవై మెడికల్ షాపులు, ఇరవై కిరాణా కొట్లు. ఇద్దరేసి పిల్లలు. ప్రశ్నాపత్రం వద్దు. మోషన్స్ అని వచ్చినవాళ్లకి ఏం ఇచ్చారో రాసుకోవడం. వారం ఒక రకం అట్ట, వారం ఇంకో రకం అట్ట పెట్టి తేడా చూడటం. ఇంటికి వెళ్లి ఎంత నీళ్లలో కలిపారో కొలవడం. ప్యాకెట్ ముందు నక్షత్రం స్టిక్కర్ ఒక వారం, నల్ల గుర్తు ఒక వారం అతికించి, బిల్లు పుస్తకంలో ఏం మారిందో లెక్కగట్టడం.

రెండు షరతులు మాత్రం మీరే పెట్టుకోవాలి. ఆ సరుకు అమ్మే కంపెనీ డబ్బుతో ఆ సరుకు మీద పరిశోధన చేయొద్దు. నేను కంపెనీలో ఉండగా అలాంటి సర్వేలకి షాపుల జాబితా ఇచ్చింది నేనే. మాకు అనుకూలంగా ఉండే షాపులే ఇవ్వమన్నారు, ఇచ్చాను. రెండోది, తేలినదాన్ని ముందు తెలుగులో రాయండి. జర్నల్లో తర్వాత వేసుకోండి. తణుకులో ఆర్‌ఎంపీకి, ఆశా కార్యకర్తకి, నాకు చదువుకునేలా ఉండాలి. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, ఏం తినాలో లెక్కలు కట్టి చెప్పేవాళ్లు మన గుమ్మంలోనే ఉన్నారు. వాళ్లు తేల్చినది జనం చేతిదాకా ఎలా చేరాలో తెలిసినవాళ్లు మీరు. మీ రెండు భవనాల మధ్య బస్సు దూరమే, ఒక్కసారి వెళ్లి కూర్చోండి.

మార్కెటింగ్ అంటే మాయ చేసి అంటగట్టడం అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. నేను ఆ చదువు చదివినందుకు ఇన్నేళ్లుగా అమ్మకి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు కౌంటర్ మీది గాజు సీసా చూపిస్తున్నాను.

మా వైపు జూన్‌లో తొలి వానలు పడి, కాలవలకి కొత్తనీరు వదలగానే విరేచనాల కేసులు మొదలవుతాయి. ఆగస్టు దాకా ఉంటాయి. పిల్లల్ని అప్పుడు పంపండి. పొద్దున ఏడున్నర నుంచి పదకొండు, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిదిన్నర మాకు రద్దీ. కౌంటర్ పక్కన రెండు స్టూళ్లు వేస్తాను. మా వీధిలో ఇంకో మూడు మెడికల్ షాపులవాళ్లతో మాట్లాడాను, ఇద్దరు సరేనన్నారు. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే.

ఇట్లు,
మీ పాత విద్యార్థి,
తణుకు దగ్గర ఒక మెడికల్ షాపు నుంచి